ఫలితం తేలిపోయాక ఆడిన ఆట

ముప్పై నాలుగేళ్ళు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడికి అమెరికా ఫుట్‌బాల్‌తో ఏమి పని అని చదువరులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. సంధులు, సమాసాలు, మా ఊరి చెరువుగట్టు జ్ఞాపకాలు తప్ప మరొకటి కనిపించని ఈ పుటల్లో లాంబో మైదానం, నాలుగో డౌను వంటి మాటలు వినబడితే దారి తప్పి వచ్చామని కొందరు వెనుదిరగనూ వచ్చు. అయినా ఒక మాట చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అది ఆటను గురించిన మాటే గాని, ఆటతో ఆగిపోయేది కాదు.

2022 చివరి నెలలు, 2023 తొలి నెలలు మేము, అనగా నేనూ మా ఆవిడా, మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ నగర శివారైన నోవైలో మా అబ్బాయి ఇంట గడిపాము. కారు తయారీకి పుట్టిల్లయిన ప్రాంతం అది. ఆ పరిశ్రమను నమ్ముకొని, దాని చుట్టూ పుట్టిన కంప్యూటరు కొలువులను నమ్ముకొని తెలుగువారు వేల సంఖ్యలో అక్కడ స్థిరపడ్డారు. నోవైలోనే వేంకటేశ్వరాలయం ఉన్నది. డిసెంబరు 16న ధనుర్మాసం పట్టింది. తెల్లవారుజామున గుళ్ళో తిరుప్పావై, వేడి పొంగలి. సాయంత్రానికి వీధి పొడుగునా క్రిస్మసు దీపాలు. రెండు పండుగ నెలలు ఒకే మంచులో కలిసి నడిచే ఆ రోజుల్లో ఊరంతటికీ మూడవ పండుగ ఒకటి వచ్చి పడింది. అది డెట్రాయిట్ లయన్స్ జట్టు ప్లేఆఫ్స్ చేరుతుందా, చేరదా అన్న ఉత్కంఠ.

ఆటను తెలియనివారికి రెండు మాటలు. ఫుట్‌బాల్ అన్న పేరును ఇక్కడ యోగార్థంలో గ్రహించకూడదు, రూఢ్యర్థంలోనే గ్రహించాలి. పాదానికి ఇందులో ఉన్న పని బహు స్వల్పం. బంతిని చేత పట్టుకొని పరుగెత్తడమూ, విసరడమూ, పట్టుకోవడమే ప్రధానం. పక్షానికి పదకొండుగురు. నూరు గజాల మైదానం. బంతి చేత ఉన్న పక్షానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు; వాటిలో పది గజాలు ముందుకు జరిగితే మళ్ళీ నాలుగు, జరగకపోతే బంతి ఎదుటివారి వశం. అవతలి కొసగీత దాటితే ఆరు పాయింట్లు, ఆ పైన ఒక తన్నుతో మరొకటి. దూరం నుంచే స్తంభాల నడుమగా బంతిని తన్ని మూడు పాయింట్లు సంపాదించుకోవచ్చు. మన చెడుగుడులో కూతకు వెళ్ళినవాణ్ణి పదిమంది కలిసి పడవేయడం చూసినవారికి ఈ ఆటలోని రౌద్రం కొత్తది కాదు. దాని వెనుక ఉన్న లెక్క మాత్రం చదరంగానికి దగ్గర.

జట్లు 32. రెండు వర్గాలు, వర్గానికి పదహారు. సెప్టెంబరు నుంచి జనవరి మొదటి వారం దాకా ఒక్కొక్క జట్టు 17 ఆటలు ఆడుతుంది. వర్గానికి ఏడు చొప్పున 14 జట్లు మాత్రమే ప్లేఆఫ్స్‌కు చేరుతాయి. అక్కడ ఒక్కసారి ఓడితే ఇంటిదారే. అందుచేత డిసెంబరు నెలలో ప్రతి జట్టు అభిమానీ గణితశాస్త్రవేత్త అవుతాడు. మనం గెలవాలి, ఫలానావాడు ఓడాలి, ఇంకొకడు గెలవకూడదు అని వ్రేళ్ళు మడుచుకుంటాడు.

లయన్స్ అభిమానికి ఈ లెక్కలు వేసుకునే భాగ్యం చాలా అరుదుగా కలిగింది. ఒహాయోలోని పోర్ట్స్‌మత్ పట్టణం నుంచి 1934లో డెట్రాయిట్‌కు తరలివచ్చిన జట్టు ఇది. జనాన్ని ఆకర్షించడానికి, రేడియో స్టేషను కూడా నడిపిన నాటి యజమాని జార్జ్ రిచర్డ్స్, ఆ యేడే థాంక్స్‌గివింగ్ పండుగనాడు ఆట పెట్టించాడు. నాటి నుంచి యుద్ధకాలపు కొన్ని సంవత్సరాలు మినహా ఆ నగరంలో పండుగ భోజనమూ లయన్స్ ఆటా విడదీయరానివైపోయాయి. 1935, 1952, 1953, 1957 సంవత్సరాల్లో విజేతలు. అటుపైన కరువు. 1992 జనవరిలో ఒక్క ప్లేఆఫ్ ఆట గెలిచారు. మరి ముప్పై యేళ్ళు ఒక్కటీ లేదు. 2008లో ఆడిన 16 ఆటలూ ఓడి అంతకుముందు ఎవరూ ఎరుగని అపకీర్తి మూటగట్టుకున్నారు.

మా అబ్బాయి ఇంటికి కుడివైపున ఒక పెద్దాయన ఉండేవారు. కారు కర్మాగారంలో జీవితమంతా పనిచేసి విరమించినవారు. డెబ్బై దాటాయి. 1957 నాటి విజయం గురించి తండ్రి చెప్పగా విన్నదే తప్ప తనకు గుర్తు లేదని చెప్పేవారు. మంచు తోసుకుంటూ పలకరించినప్పుడల్లా, "ఈ యేడు కూడా ఇంతేనండీ" అన్న ధోరణిలో నవ్వేవారు. అంత నమ్మకం లేనివారు గుమ్మానికి ఆ నీలం, వెండి రంగుల జెండా ఎందుకు కట్టుకున్నారని నేను అడగలేదు. మా ఊళ్ళో వానలు లేని యేడు కూడా ఏరువాకనాడు నాగలికి పసుపు రాసేవారిని చూసి పెరిగినవాణ్ణి.

ఆ యేడు ఆరంభమూ అలాగే ఉన్నది. మొదటి ఏడు ఆటల్లో గెలిచినది ఒక్కటి. శిక్షకుడు డాన్ క్యాంప్‌బెల్ ఆజానుబాహువు. ఒకప్పుడు ఈ జట్టులోనే ఆడినవాడు. 2021లో పదవి స్వీకరించిననాడు, తమను పడగొడితే లేచేటప్పుడు ఎదుటివాడి మోకాలిచిప్ప కొరుకుతామని అన్నందుకు దేశమంతా నవ్వింది. అప్పటికి అతడి ఖాతాలో నాలుగు గెలుపులు, పంతొమ్మిది ఓటములు, ఒక సమం. బంతి విసిరే నాయకుడు జారెడ్ గాఫ్ అంతకుముందు లాస్ ఏంజెలెస్ రామ్స్‌లో ఉండేవాడు. వారు ఇతడిని వద్దనుకొని, డెట్రాయిట్‌లో పన్నెండేళ్ళు ఆడిన మాథ్యూ స్టాఫర్డ్‌ను తీసుకొని ఇతడిని ఇటు పంపారు. స్టాఫర్డ్ వెళ్ళిన తొలి యేడే అక్కడ సూపర్ బౌల్ గెలిచాడు. గాఫ్‌కు దక్కినది ఈ ఓటముల మూట.

నవంబరు 6న గాలి మారింది. ఆ రోజు గ్రీన్ బే ప్యాకర్స్ మీద 15-9. తరువాత షికాగోలో ఒక్క పాయింటు తేడాతో గెలుపు. ఆపైన న్యూయార్క్ జెయింట్స్. థాంక్స్‌గివింగ్ నాడు బఫలో బిల్స్ చేతిలో చివరి క్షణాల్లో 28-25తో ఓడినా, జాక్సన్‌విల్, మిన్నెసోటా జట్లను వరుసగా ఓడించారు. డిసెంబరు 18న న్యూయార్క్ జెట్స్‌తో ఆటలో రెండు నిమిషాలు కూడా మిగలని వేళ, నాలుగో ప్రయత్నంలో, అంగుళాల దూరం కావలసినచోట, బ్రాక్ రైట్ అన్న కుర్రవాడు బంతి అందుకొని 51 గజాలు పరుగెత్తి గీత దాటాడు. 20-17. ఏడు గెలుపులు, ఏడు ఓటములు.

మా మనవడికి అప్పుడు పదకొండేళ్ళు. వాడికీ నాకూ ఒక ఒప్పందం ఉండేది. నిత్యం సాయంత్రం అరగంట వాడు నా దగ్గర తెలుగు నేర్చుకోవాలి. ఆదివారం నేను వాడి పక్కన కూర్చుని ఆట చూడాలి. వాడు నాకు డౌనులు నేర్పుతాడు, నేను వాడికి గుణింతాలు నేర్పుతాను. ఇద్దరిలో ఎవరు మంచి గురువో చెప్పలేను. వాడు ఓపికగా చెప్పేవాడు, కాని నాతో వచ్చిన చిక్కు ఏమంటే, ప్రతి పారిభాషిక పదానికీ వ్యుత్పత్తి అడిగేవాణ్ణి. నాతో వాడికి వచ్చిన చిక్కు వేరు. ఒకనాడు క-గుణింతం సగంలో పెన్సిలు పెట్టేసి, "తాతయ్యా, దీనికి స్కూల్లో గ్రేడ్ లేదు కదా" అన్నాడు. అల్లరిగా అన్న మాట కాదు. లెక్క సరిచూసుకున్నవాడి మాట.

ఆ లెక్క నాకు కొత్త కాదు. నా ఉద్యోగకాలమంతా వేరువేరు నోళ్ళ నుంచి విన్నదే. పదవ తరగతి దాకా ప్రాణం పెట్టి పద్యం నేర్చుకున్న పిల్లలు ఇంటర్మీడియట్‌లో మార్కులు ఎక్కువ వస్తాయని సంస్కృతం పుచ్చుకొనేవారు. ఆ సంస్కృతమైనా ప్రీతితో కాదు, మార్కుల కోసమే. తల్లిదండ్రులు వచ్చి, "లెక్కలు, సైన్సు బాగుంటే చాలు మాష్టారూ, తెలుగుదేముంది" అని నా ఎదుటే అనేవారు. వారిని తప్పుపట్టలేదు. వారి బతుకులో ఆ లెక్క నిజం. నేను మరునాడు పోయి మళ్ళీ పాఠం చెప్పేవాణ్ణి.

డిసెంబరు 24. దేశమంతా భీకరమైన శీతగాలి. మా కిటికీల బయట మంచు అడ్డంగా కురిసింది. లయన్స్ ఆనాడు దక్షిణాన కరోలినా పాంథర్స్‌తో ఆడవలసి ఉన్నది. బలహీనమైన జట్టే. అయినా ఆ జట్టు వారు నేల మీద పరుగులతోనే 320 గజాలు సాధించారు. తమ జట్టు చరిత్రలోనే అది రికార్డు. 37-23. వరుస విజయాలతో పైకి లేచిన ఆశ క్రిస్మసు ముందునాడు కూలబడింది. మరునాడు మా కోడలు స్నేహితుల కుటుంబాలను భోజనానికి పిలిచింది. పులిహోర, గారెలు, పక్కనే పిల్లల కోసం కేకు. మగవారంతా ఒకచోట చేరి ఆట గురించి ఎత్తకుండా చాలాసేపు తప్పించుకున్నారు. ఎవరింట్లోనో పెళ్ళి సంబంధం తప్పిపోతే చుట్టాలు మాట్లాడుకునే తీరు అది.

జనవరి 1న షికాగో బేర్స్ మీద 41-10తో గెలిచి లయన్స్ మళ్ళీ లేచారు. అదే రోజు ప్యాకర్స్ గెలిచారు, సియాటిల్ సీహాక్స్ గెలిచారు. ముగ్గురి లెక్కా 8-8. ఒక్క స్థానం మిగిలి ఉన్నది. ఒక్క ఆదివారం మిగిలి ఉన్నది.

మరునాడు ముక్కోటి ఏకాదశి. ఉత్తరద్వార దర్శనానికి చలిలో వరుసలో నిలబడి, తీర్థం పుచ్చుకొని ఇల్లు చేరాము. ఆ రాత్రి సిన్సినాటిలో బఫలో బిల్స్, బెంగాల్స్ ఆడుతున్నారు. డమార్ హామ్లిన్ అనే 24 యేళ్ళ ఆటగాడు ఎదుటివాణ్ణి పడగొట్టి, లేచి నిలబడి, రెండడుగులు వేసి, వెల్లకిలా పడిపోయాడు. గుండె ఆగింది. మైదానంలోనే వైద్యులు గుండెను మళ్ళీ నడిపించారు. చుట్టూ అంతటి మహాకాయులు మోకరిల్లి ఏడ్చారు. ఆట ఆగిపోయింది, తరువాత పూర్తిగా రద్దయింది. మా ఆవిడ టీవీ ముందు నుంచి లేచి దేవుడి గూటి దగ్గరకు వెళ్ళింది. మనవడు ఆ రాత్రి నా గదిలో పడుకున్నాడు. మూడునాళ్ళకు తెలివి వచ్చిన ఆ యువకుడు, నోట గొట్టం ఉన్నందున కాగితం మీద వ్రాసి, మనం గెలిచామా అని అడిగాడని వైద్యులు చెప్పారు. మరుసటి సీజనుకు తిరిగి ఆటలోకి వచ్చాడు కూడా.

ఇక జనవరి 8. లయన్స్ చివరి ఆట రాత్రి ఎనిమిది దాటాక, గ్రీన్ బేలోని లాంబో మైదానంలో, ప్యాకర్స్‌తో. ప్యాకర్స్ గెలిస్తే చాలు, స్థానం వారిది. లయన్స్‌కు గెలుపు ఒక్కటే చాలదు. అంతకు ముందే జరిగే ఆటలో సీహాక్స్ ఓడాలి. కారణం అక్టోబరు 2 నాటిది. ఆనాడు డెట్రాయిట్‌లో సీహాక్స్ 48-45తో గెలిచారు. లెక్క సమమైతే పరస్పరం ఆడిన ఆటను చూస్తారు. ఎవరూ గుర్తుపెట్టుకోని ఒక శరత్కాలపు ఆదివారం పోయిన మూడు పాయింట్లు జనవరిలో వచ్చి బాకీ అడిగాయి. పైగా సీహాక్స్‌ను ఓడించవలసినది ఎవరనుకున్నారు? గాఫ్‌ను వద్దని పంపివేసిన రామ్స్.

సాయంత్రం ఆ ఆట చూస్తూ మా ఇంట ఎవరూ టీ కూడా తాగలేదు. నిర్ణీత కాలం చివరలో సీహాక్స్ తన్నిన బంతి స్తంభానికి తగిలి పక్కకు పడింది. మా అబ్బాయి సోఫా మీద నుంచి గెంతాడు. సమం, అదనపు సమయం. అందులో అదే ఆటగాడు మళ్ళీ తన్నాడు. ఈసారి గురి తప్పలేదు. 19-16. లయన్స్ తమ ఆట మొదలుపెట్టకముందే వారి సీజను ముగిసిపోయింది.

"తాతయ్యా, వాళ్ళు ఆల్రెడీ అవుట్ కదా. మరి ఇప్పుడు ఎందుకు ఆడటం?"

వాడు నన్నే ఎందుకు అడిగాడో తెలియదు. ఆట తెలిసిన తండ్రి పక్కనే ఉన్నాడు. "చూద్దాం" అన్నాను. మర్నాడు బడి ఉన్నా, సగం ఆట దాకా మెలకువగా ఉండడానికి కోడలు ఒప్పుకున్నది. సగం అయ్యాక ఎవరూ వాడిని లేపలేదు.

చూశాము. ఆ గడ్డకట్టిన మైదానంలో, ప్రత్యర్థి జనం నడుమ, తమకు ఒరిగేదేమీ లేని ఆటను ఆ జట్టు వారు అంతకు ముందు తొమ్మిది వారాలు ఎలా ఆడారో అలాగే ఆడారు. జమాల్ విలియమ్స్ రెండుసార్లు గీత దాటి, ఒక సీజనులో 17 పరుగు టచ్‌డౌన్‌లతో, ఈ జట్టు ఆరాధ్యుడైన బ్యారీ శాండర్స్ 1991లో నెలకొల్పిన 16ను దాటాడు. అతడు పూర్వం ప్యాకర్స్ ఆటగాడే. చివరి నిమిషాల్లో ఆరన్ రాడ్జర్స్ విసిరిన బంతిని కెర్బీ జోసెఫ్ అందుకున్నాడు. ప్యాకర్స్ తరఫున రాడ్జర్స్ విసిరిన చివరి బంతి అదే అయింది. ఆపైన లయన్స్ నాలుగో ప్రయత్నంలో కూడా బంతిని తన్నివేయక, సాహసించి ముందుకు నడిచి, కాలం కరిగించారు. 20-16. ప్యాకర్స్ ఇంటికి, సీహాక్స్ ప్లేఆఫ్స్‌కు. లయన్స్ కూడా ఇంటికే; 9-8తో, 2017 తరువాత మొదటిసారిగా ఓటములకన్నా గెలుపులు ఎక్కువగా.

ఆట అయ్యాక విలియమ్స్‌ను మైకు ముందు నిలబెట్టారు. హాస్యానికి పేరుపడిన ఆ మనిషి వెక్కివెక్కి ఏడుస్తూ, అప్పుడే గతించిన తన ముత్తాతకు ఈ ఆట అంకితమన్నాడు. మనవడు నా వైపు ఒకసారి చూసి మళ్ళీ తెరవైపు తిరిగాడు.

ఇటువంటి సందర్భంలో తెలుగు పండితుడికి వెంటనే నాలుక చివరకు వచ్చేది గీత. ఫలాపేక్ష లేని కర్మ అని ఒక్క మాటలో తేల్చవచ్చు. కాని పిల్లవాడికి అబద్ధం చెప్పకూడదు. వారిది నిష్కామం కాదు. ప్యాకర్స్‌ను గడప దగ్గర ఆపాలన్న కోరిక వారి ప్రతి అడుగులోనూ కనబడుతూనే ఉన్నది. దానికి మన భాషలో చక్కని మాట ఉన్నది, పంతం. దాని పక్కనే ఇంకొకటి, పరువు. మా ఊరి రైతు గెలవని ఎడ్లజతను కూడా కడిగి, కొమ్ములకు రంగు వేసి, తిరునాళ్ళలో బండలాగుడు పందేనికి తోలుకుపోయేవాడు. అతడు గీత చదవలేదు. ఎడ్లను ఇంట కట్టేసుకొని కూర్చుంటే అతడి దృష్టిలో అతడు రైతు కాడు, అంతే. ఆడేవాడు ఆడతాడు. బహుమానం ఒకరు పెట్టేది, ఆట తనది.

మరునాటి సాయంత్రం పాఠం వేళకు మనవడు నేను పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. ఆట గురించి ఉపన్యాసం చెప్పాలని నేను సిద్ధం చేసుకున్న నాలుగు వాక్యాలు చెప్పలేదు. వాడు పలక ముందుకు జరుపుకున్నాడు గనుక గ-గుణింతం మొదలుపెట్టాము. వాడి ముందు ముందు జీవితంలో గ-గుణింతానికి ఏ స్థానమూ లేకపోవచ్చు. మిషిగన్‌లో పుట్టిన పిల్లల నోట మూడవ తరానికి తెలుగు మిగులుతుందా అన్న పందెంలో లెక్కలు నా పక్షాన లేవని నాకు తెలుసు. ఆ సాయంత్రం నాకు అది అడ్డంకిగా అనిపించలేదు. గౌ దగ్గర వాడు ఎప్పటిలాగే తడబడ్డాడు, నేను ఎప్పటిలాగే చేయి పట్టి దిద్దించాను.

తరువాతి సంగతులు ఆట అనుసరించేవారికి తెలిసినవే. 2023లో అదే జట్టు, అదే శిక్షకుడు, అదే గాఫ్. సరిగ్గా డిసెంబరు 24నే మిన్నెసోటాలో గెలిచి, 1993 తరువాత తొలిసారి తమ విభాగపు విజేతలయ్యారు. 2024 జనవరి 14న డెట్రాయిట్‌లో ప్లేఆఫ్ ఆట. ఎదుట స్టాఫర్డ్ నాయకుడుగా అదే రామ్స్. 24-23. ముప్పై రెండేళ్ళ కరువు తీరింది. జనం గాఫ్ పేరు జపంలా అరుస్తున్న చప్పుడును మనవడు ఫోనులో మా ఊరికి వినిపించాడు. మాకు అప్పుడు మర్నాటి ఉదయం, సంక్రాంతి పండుగ. ఆ నెలాఖరున శాన్‌ఫ్రాన్సిస్కో చేతిలో, సగం ఆటకు 24-7 ముందుండి కూడా 34-31తో ఓడారు. మరుసటి యేడు 15 ఆటలు గెలిచి, ప్లేఆఫ్స్ తొలి ఆటలోనే ఓడారు. కనుక ఇది చివరకు కిరీటం దక్కిన కథ కాదు. పొరుగింటి పెద్దాయన మాత్రం రామ్స్‌తో గెలిచిన ఆ రాత్రి చలిలో గుమ్మం ముందు నిలబడి చాలాసేపు లోపలికి పోలేదట. మా అబ్బాయి చెప్పాడు.

ఆ గెలుపులన్నింటికన్నా మనవడు ఇప్పటికీ ఎక్కువగా తలచుకునేది లాంబోలో ఆ రాత్రినే. కారణం నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఆదివారాలు వాడికి ఉదయం, మాకు సాయంత్రం అయ్యే వేళ ఫోనులో పాఠం సాగుతున్నది. ఒత్తులు దాటాము. చిన్న చిన్న కథలు కూడబలుక్కొని చదువుతున్నాడు. పోయినవారం బండి ఱ చూపించి, దీనిని ఇప్పుడెవరూ పెద్దగా వాడరు అని చెప్పాను.

"మరి ఎలా రాయాలో చూపించు" అన్నాడు.